కార్డినల్ అయితే కొత్తగా ఏం వస్తుంది? కథోలిక గురువుల హోదాల లెక్క

2022 ఆగస్టు 27న రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ చేతుల మీదుగా హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు ఎర్ర టోపీ పెట్టించుకున్నారు. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్ ఆయనే, దళితుల నుంచి మొదటి కార్డినల్ కూడా ఆయనే. వార్త చూసిన చాలామంది, గుడికి రెగ్యులర్‌గా వెళ్లేవాళ్లు కూడా, "ఓహో ప్రమోషన్ వచ్చిందన్నమాట" అనుకున్నారు, అంటే ఎస్సై సీఐ అయినట్టు, సీఐ డీఎస్పీ అయినట్టు. ఇక్కడే తిరకాసు ఉంది. ఆగస్టు 26న ఆయన ఏ పూజలు చేయగలిగేవారో, ఏ సంస్కారాలు ఇవ్వగలిగేవారో 27 తర్వాత కూడా అవే, ఒక్కటి కూడా పెరగలేదు. పేరు ముందు బిరుదు మారింది, టోపీ రంగు మారింది, రోమ్‌లో ఒక గుడి ఆయన పేరు మీదకి వచ్చింది, పోప్ ఎన్నికలో ఓటు వచ్చింది. హైదరాబాద్‌లో కుర్చీ మాత్రం పాతదే.

ఈ సంగతి పట్టుకుంటే మిగతా లెక్కంతా తేలిగ్గా అర్థమవుతుంది, పట్టుకోకపోతే మోన్సిన్యోర్ పెద్దా వికార్ జనరల్ పెద్దా, కార్డినల్ పెద్దా ఆర్చ్‌బిషప్ పెద్దా అని ఎంతసేపు వాదించుకున్నా తెగదు. కథోలిక శ్రీసభలో గురుపట్టం అనే సంస్కారానికి మెట్లు మూడే: డీకన్, గురువు, బిషప్. నాలుగోది లేదు. మిగతావన్నీ ఈ ముగ్గురిలో ఎవరో ఒకరికి ఇచ్చే పోస్టింగులు, బాధ్యతలు, గౌరవ బిరుదులు. ప్రభుత్వాసుపత్రినే తీసుకుంటే ఎంబీబీఎస్ పట్టా వేరు, సూపరింటెండెంట్ కుర్చీ వేరు కదా, కుర్చీ ఇవాళ ఉంటుంది రేపు ఇంకొకరికి పోతుంది, పట్టా మాత్రం మనిషితోనే ఉంటుంది. కాకపోతే డాక్టర్ రిజిస్ట్రేషన్ని మెడికల్ కౌన్సిల్ రద్దు చేయగలదు గానీ గురుపట్టాన్ని పోప్ కూడా చెరిపేయలేడు, ఆ సంగతి చివర్లో.

ముందు తెలుగు మాటల గందరగోళం ఒకటి తీర్చుకోవాలి. మన ఊళ్లలో ఫాదర్ అన్నా పాస్టర్ అన్నా ఒకటే అనుకునేవాళ్లు బోలెడుమంది. పాస్టర్ గారు ప్రొటెస్టెంట్ సంఘాలవారు, పెళ్లి చేసుకుంటారు, పిల్లలుంటారు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకి కూడా బిషప్పులున్నారు, మెదక్ కెథడ్రల్ వాళ్లదే, రోమ్‌తో సంబంధం లేదు. ఇక ఈ మధ్య ఫ్లెక్సీల మీద సొంతంగా బిషప్ అని వేయించుకునేవాళ్ల సంగతి సరేసరి. కథోలికుల్లో ఫాదర్‌ని గురువు అంటారు, ఆయన చూసుకునే ఏరియా విచారణ, దాన్ని నడిపే ఫాదర్ విచారణ కర్త. కొన్ని విచారణలు కలిస్తే మేత్రాసనం, దాని పెద్ద పీఠాధిపతి, అంటే బిషప్ గారు. అగ్రపీఠాధిపతి అంటే ఆర్చ్‌బిషప్.

ఇప్పుడు మొదటి మెట్టు. డీకన్ జ్ఞానస్నానం ఇవ్వొచ్చు, పెళ్లి జరిపించొచ్చు, సమాధి ప్రార్థన చేయొచ్చు, సువిశేషం చదివి ప్రసంగం చెప్పొచ్చు. దివ్యబలిపూజ (మాస్) చేయలేడు, పాపసంకీర్తనం (కన్ఫెషన్) వినలేడు, జబ్బుపడ్డవాళ్లకి తైలాభిషేక సంస్కారం ఇవ్వలేడు. మన దగ్గర డీకన్ అంటే ఇంకొన్ని నెలల్లో ఫాదర్ కాబోతున్న కుర్రాడు అనే అర్థం స్థిరపడిపోయింది, ఎందుకంటే ఇక్కడ కనిపించేవాళ్లు దాదాపు అందరూ అలాంటివాళ్లే, శ్రీసభ చట్టం ప్రకారం డీకన్ పట్టానికీ గురుపట్టానికీ మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలి, ఆ ఆరు నెలలో ఏడాదో ఏదో ఒక విచారణలో పెద్ద ఫాదర్ గారి దగ్గర గడిపేస్తారు. కానీ అమెరికా, యూరప్ వైపు జీవితాంతం డీకన్‌గానే ఉండేవాళ్లు వేలల్లో ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది పెళ్లయినవాళ్లు. 1962-65లో ప్రపంచ బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ ఈ శాశ్వత డీకన్ పద్ధతిని మళ్లీ తెచ్చింది, పెళ్లయినవాడైతే 35 ఏళ్లు నిండాలి, భార్య ఒప్పుకోవాలి. ప్రపంచం మొత్తం మీద డీకన్లు 50 వేలు దాటారు, గురువులు సుమారు 4 లక్షలు, బిషప్పులు 5 వేల పైచిలుకు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు కథోలికులకి, పూజలో ఫాదర్ పక్కన నిలబడి ప్రసంగం చెప్పిన పెద్దాయన తర్వాత పార్కింగ్‌లో భార్యాపిల్లలతో కనిపిస్తే వింతగా అనిపించేది ఇందుకే.

గురుపట్టం ఇచ్చే రోజు గుడిలో కాస్త గమనించి చూస్తే ఈ మూడు మెట్ల తేడా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. పట్టం తీసుకునేవాడు బలిపీఠం ముందు నేల మీద బోర్లా పడుకుంటాడు, జనమంతా పునీతుల ప్రార్థన పాడతారు, ఒక్కొక్క పునీతుడి పేరు రావడం, అందరూ మా కొరకు ప్రార్థించండి అనడం, చాలాసేపు నడుస్తుంది. తర్వాత అతను లేచి వచ్చి మోకరిస్తే బిషప్ గారు రెండు చేతులూ తల మీద పెడతారు. మాట ఉండదు, పాట ఉండదు, పసిపిల్లల ఏడుపు తప్ప ఏమీ వినిపించదు. అసలు పట్టం ఇచ్చేది ఆ చేతులూ, వెంటనే వచ్చే ప్రార్థనా. అక్కడే చూడాల్సింది, డీకన్ పట్టం అయితే బిషప్ ఒక్కరే చేతులు పెట్టి వదిలేస్తారు, గురుపట్టం అయితే బిషప్ తర్వాత అక్కడున్న ఫాదర్లందరూ వరసగా వచ్చి ఒక్కొక్కరూ తల మీద చేతులు పెట్టి వెళ్తారు, ఆ లైను ఒక్కోసారి గుడి గుమ్మం దాకా ఉంటుంది. బిషప్ పట్టం అయితే వచ్చిన బిషప్పులంతా చేతులు పెడతారు, మామూలుగా కనీసం ముగ్గురు ఉండాలి, సువిశేష గ్రంథాన్ని తెరిచి కొత్త బిషప్ తల మీద గొడుగులా పట్టుకుంటారు. కొత్త ఫాదర్‌కి అరచేతులకి తైలం రాస్తారు, కొత్త బిషప్‌కి తల మీద పోస్తారు. పూజ అయ్యాక కొత్త ఫాదర్ అరచేతులు ముద్దు పెట్టుకోవడానికి జనం ఎగబడతారు, ముందు వరసలో తల్లి ఉంటుంది.

స్టోలు, అంటే పూజలో వేసుకునే పొడవాటి పట్టీ చూసినా పోల్చుకోవచ్చు. ఎడమ భుజం మీంచి కుడి నడుము దాకా జంధ్యంలా అడ్డంగా ఉంటే డీకన్, మెడ చుట్టూ వేసి రెండు కొసలూ ముందుకి వేలాడితే గురువు. తల మీద ఎత్తైన కిరీటం, చేతిలో వంకీ కర్ర, వేలికి ఉంగరం, ఛాతీ మీద సిలువ ఉంటే బిషప్. చిన్న గుండ్రటి టోపీ ఊదా రంగైతే బిషప్, ఎరుపైతే కార్డినల్, తెలుపైతే పోప్. మన ఎండలకి ఫాదర్లు తెల్ల అంగీ వేసుకుంటారు కాబట్టి సినిమాల్లో చూపించే నల్ల అంగీ ఫాదర్ ఇక్కడ పెద్దగా కనపడడు.

ఫాదర్ల దగ్గరికొస్తే, అందరి పట్టమూ ఒకటే, ఉద్యోగాలు వేరు. విచారణ కర్త, ఆయన కింద అసిస్టెంట్, స్కూల్ కరస్పాండెంట్, హాస్టల్ వార్డెన్, సెమినరీ రెక్టర్, మేత్రాసనంలో లెక్కలు చూసే ఫాదర్, వీళ్లంతా గురువులే. బిషప్ తర్వాత మేత్రాసనం మొత్తానికి పెత్తనం ఉండేది వికార్ జనరల్‌కి, బిషప్ పెట్టుకున్న మనిషి, బిషప్ కుర్చీ ఖాళీ అయితే మామూలుగా ఈయన అధికారం కూడా దాంతోపాటే పోతుంది. అసిస్టెంట్‌ని బిషప్ తేలిగ్గా మార్చేయొచ్చు, విచారణ కర్తని వద్దంటున్నా తీసేయాలంటే మాత్రం చట్టంలో ఒక పద్ధతి ఉంది, కారణం చూపించాలి, ఇంకో ఇద్దరు గురువులతో సంప్రదించాలి, ముందు ఆయన్నే రాజీనామా చేయమని అడగాలి. బయటి నుంచి చూస్తే విచారణ కర్త అట్టడుగు ఉద్యోగిలా కనిపిస్తాడు గానీ జనం రోజువారీ బతుకులో ఆయనదే అసలు అధికారం. పెళ్లి పేపర్లు, జ్ఞానస్నానం రిజిస్టరు, సమాధుల దొడ్డి తగాదాలు, స్కూల్లో సీటు, అన్నీ ఆయన టేబుల్ మీదికే వస్తాయి. బిషప్ గారు ఏడాదికోసారి భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఇవ్వడానికి వస్తారు, దండ వేయించుకుంటారు, భోంచేసి వెళ్తారు.

ఈ లెక్కలో ఎక్కడా లేని మనిషి ఇంకొకాయన ఉన్నాడు, ఉపదేశి. ఒక విచారణ కింద పది పదిహేను పల్లెలుంటే ఫాదర్ ప్రతి ఆదివారం అన్ని చోట్లా పూజ చేయలేడు, అప్పుడు గంట కొట్టేది, జనాన్ని కూర్చోబెట్టి ప్రార్థన చేయించేది, పిల్లలకి జపాలు నేర్పేది, ఎవరైనా పోతే ఫాదర్ గారి బండి వచ్చేలోగా శవం దగ్గర జపమాల చెప్పించేది ఉపదేశే. పెళ్లాం పిల్లలున్న మామూలు గృహస్థు, ఏ పట్టమూ లేదు. తెలుగు పల్లెల్లో కథోలిక విశ్వాసం నిలబడిందంటే విదేశీ మిషనరీల కంటే ఉపదేశుల పాత్రే ఎక్కువ అంటే అతిశయోక్తి అనిపించదు. 2021లో పోప్ ఫ్రాన్సిస్ దీన్ని అధికారికమైన పరిచర్యగా గుర్తించారు గానీ అది పట్టం కాదు. అదే విధంగా సిస్టర్లు, బ్రదర్లు కూడా గురువర్గంలోకి రారు. మదర్ థెరిసాకి ప్రపంచమంతా చేతులెత్తి మొక్కింది, శ్రీసభ లెక్కలో మాత్రం ఆమె గురువర్గంలో లేరు, ఆ మాటకొస్తే ఆడవాళ్లకి ఈ మూడు మెట్లలో ఏదీ ఇవ్వరు, దీని మీద లోపల కూడా చర్చ గట్టిగానే నడుస్తోంది.

ఫాదర్లలోనే ఇంకో చీలిక ఉంది. మేత్రాసన గురువులు ఒక బిషప్‌కి కట్టుబడి ఉంటారు, పెళ్లి చేసుకోబోమని, బిషప్ మాట వింటామని మాటిస్తారు, సొంత ఆస్తి మీద నిషేధం లేదు. సన్యాస సభల గురువులు పేదరికం కూడా కలిపి మూడు వ్రతాలు తీసుకుంటారు, వీళ్ల బాస్ ప్రొవిన్షియల్, ఆపైన మొత్తం సభకి ఒక సుపీరియర్ జనరల్. విజయవాడ లొయోలా కాలేజీ నడిపే యేసుసభ (జెస్యూట్) ఫాదర్లు ఇలాంటివాళ్లే. వీళ్లు ఒక మేత్రాసనంలో విచారణ చూసుకోవాలంటే బిషప్ ఒప్పుకోవాలి, ట్రాన్స్‌ఫర్ చేసేది మాత్రం సొంత సభ. ఒకే మనిషికి రెండు వైపులా జవాబుదారీ అన్నమాట, ఇక్కడే చాలా గొడవలు పుడతాయి.

ఇప్పుడు అసలైన కుర్చీ, బిషప్. పట్టం పరంగా ఆఖరి మెట్టు ఇదే, దీని పైన ఇంకేమీ లేదు. కనీసం 35 ఏళ్లు, గురువుగా ఐదేళ్లు నిండాలి. కొత్త బిషప్ కావాలంటే పోప్ రాయబారి, అంటే ఢిల్లీలో ఉండే నున్షియో, రహస్యంగా ఎంక్వైరీ చేస్తారు, కొందరు గురువులకి, బిషప్పులకి ప్రశ్నల కాగితాలు వెళ్తాయి, చివరికి మూడు పేర్ల లిస్టు రోమ్ వెళ్తుంది, పోప్ అందులోంచి ఒకరిని ఎంచుకోవచ్చు, మూడూ పక్కన పెట్టేయొచ్చు కూడా. ఇంత గుట్టుగా నడిచే వ్యవహారంలో కులం, ప్రాంతం, గుంపుల లెక్కలు లేవనుకుంటే అమాయకత్వమే, తెలుగు మేత్రాసనాల్లో కుర్చీ ఖాళీ అయిన ప్రతిసారీ ఈ గుసగుసలు వినిపిస్తూనే ఉంటాయి.

బిషప్ అంటే పోప్ పెట్టిన బ్రాంచ్ మేనేజర్ అని చాలామంది అనుకుంటారు. రెండో వాటికన్ సభ ఈ మాటని సూటిగా కాదంది, బిషప్పులు పోప్‌కి ప్రతినిధులు కారు, తమ మేత్రాసనాన్ని సొంత అధికారంతో పాలిస్తారు అని రాసిపెట్టింది. నియమించేదీ అవసరమైతే తప్పించేదీ పోపే కాబట్టి ఆచరణలో ఎంత సొంతం అనేది వేరే సంగతి. 75 ఏళ్లు వచ్చాక రాజీనామా పంపించాలి, వెంటనే తీసుకుంటారని లేదు, రెండేళ్లు మూడేళ్లు అలాగే ఉంచేస్తారు కూడా.

బిషప్పుల్లోనూ రకాలున్నాయి. పెద్ద మేత్రాసనంలో సాయం కోసం సహాయ బిషప్‌ని ఇస్తారు. కోఅడ్జుటర్ అని ఇంకొకరు ఉంటారు, ఆయనకి వారసత్వం ముందే రాసిపెట్టి ఉంటుంది, ఉన్న బిషప్ దిగగానే ఆటోమేటిగ్గా ఈయనే. సొంత మేత్రాసనం లేని బిషప్‌కి ఎప్పుడో అంతరించిపోయిన మేత్రాసనం పేరు ఒకటి తగిలిస్తారు, ఎందుకంటే ఏ పీఠమూ లేని బిషప్ అనే మాటే ఈ లెక్కలో కుదరదు. ఫ్రాన్స్‌లో జాక్ గాయో అనే బిషప్‌కి రోమ్‌తో పడకపోతే 1995లో ఎవ్రూ మేత్రాసనం నుంచి తప్పించి అల్జీరియాలో ఎప్పుడో మాయమైన పార్తేనియాకి బిషప్ అన్నారు. ఆయన తక్కువవాడా, మరుసటి ఏడాదే ఇంటర్నెట్‌లో పార్తేనియా పేరుతో సైట్ పెట్టి అక్కడ బిషప్‌గిరీ నడిపించాడు.

ఆర్చ్‌బిషప్ అంటే కొన్ని మేత్రాసనాల గుంపుకి పెద్ద మేత్రాసనం బిషప్, అంతే. పక్క మేత్రాసనం ఫాదర్‌ని ట్రాన్స్‌ఫర్ చేసే పవర్ ఆయనకి లేదు, ఏదైనా తేడా జరుగుతుంటే రోమ్‌కి చెప్పడం, కుర్చీ ఖాళీ అయినప్పుడు కొన్ని పనులు చూడటం లాంటివి తప్ప. గొర్రెపిల్లల ఉన్నితో నేసి, ఆరు నల్ల సిలువలు వేసిన పట్టీ ఒకటి మెడలో వేసుకుంటారు, అదే గుర్తు. మనకి హైదరాబాద్, విశాఖపట్నం అని రోమన్ (లాటిన్) సంప్రదాయంలో రెండు అగ్రపీఠాలున్నాయి. ఇందులో సరదా ఏంటంటే 2014లో రాష్ట్రం రెండు ముక్కలైనా శ్రీసభ మ్యాపు మారలేదు, కర్నూలు, కడప మేత్రాసనాలు ఇప్పటికీ వరంగల్, ఖమ్మం, నల్గొండలతో కలిసి హైదరాబాద్ అగ్రపీఠం కిందే ఉన్నాయి. విజయవాడ, గుంటూరు, ఏలూరు, నెల్లూరు, శ్రీకాకుళం విశాఖ వైపు. మళ్లీ ఇదే నేల మీద కేరళ సంప్రదాయానికి చెందిన సీరో మలబార్ వాళ్ల ఆదిలాబాద్, శంషాబాద్ వేరే లెక్క. ఎయిర్‌పోర్టు పేరుగానే తెలిసిన శంషాబాద్‌కి బిషప్‌గా ఉన్న రఫాయెల్ తట్టిల్ గారు 2024 జనవరిలో ఆ సభ మొత్తానికే మేజర్ ఆర్చ్‌బిషప్ అయ్యారు, అది కూడా రోమ్ నేరుగా వేసిన పోస్టింగ్ కాదు, వాళ్ల బిషప్పుల సమావేశం (సినడ్) ఎన్నుకుంటే పోప్ ఖాయం చేశారు.

మోన్సిన్యోర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఫాదర్‌కి ఇచ్చే గౌరవ బిరుదు, పద్మశ్రీ లాంటిది. పోప్ ఫ్రాన్సిస్ వచ్చాక మేత్రాసన గురువులకి 65 ఏళ్లు దాటితే గానీ ఇవ్వొద్దన్నారు, మంచి పనే చేశారు.

కార్డినల్ దగ్గరికి మళ్లీ వస్తే, పేరుకి వీళ్లంతా రోమ్ నగర గురువర్గం. పాత రోజుల్లో రోమ్ బిషప్‌ని ఎన్నుకునేది రోమ్ గురువులే, ఇప్పటికీ పోప్‌ని ఎన్నుకోవాలంటే రోమ్‌తో ఏదో ఒక చుట్టరికం ఉండాలి, అందుకే దాదాపు ప్రతి కార్డినల్ పేరు మీద అక్కడో గుడి రాసిస్తారు. కార్డినల్ బిషప్, కార్డినల్ గురువు, కార్డినల్ డీకన్ అని మూడు వరసలున్నా అవి పాత రోమ్ జ్ఞాపకాలే, కార్డినల్ డీకన్ వరసలో ఉన్న ఆయన నిజానికి బిషప్పే అయి ఉంటాడు. 1962లో జాన్ 23వ పోప్ కార్డినల్స్ అందరూ బిషప్ పట్టం తీసుకోవాలన్నారు, అయినా మినహాయింపులున్నాయి, 2024లో కార్డినల్ అయిన ఇంగ్లండ్ డొమినికన్ తిమోతి రాడ్‌క్లిఫ్ బిషప్ కాకుండా గురువుగానే ఉండిపోయారు. అదే లిస్టులో కేరళకి చెందిన జార్జ్ కూవక్కాడ్ పోప్ విదేశీ పర్యటనలు చూసుకునే ఫాదర్, నవంబరు 24న బిషప్ పట్టం, డిసెంబరు 7న కార్డినల్, రెండు వారాల్లో రెండూ అయిపోయాయి. ప్రమోషన్ల నిచ్చెనే అయితే ఇలా కుదరదు. 80 నిండితే కార్డినల్‌కి ఓటు పోతుంది, బిరుదు ఉంటుంది. 2025 మే నెల పోప్ ఎన్నికలో 133 మంది ఓటేశారు, గెలవాలంటే 89 కావాలి, మన దేశం నుంచి నలుగురు, వాళ్లలో పూల ఆంథోనీ గారు ఒకరు. బొంబాయి కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేసియస్‌కి అప్పటికి నాలుగు నెలల క్రితమే 80 నిండాయి, అందుకే లోపలికి వెళ్లలేదు.

మరి పోప్? ఆయన కూడా బిషప్పే, రోమ్ మేత్రాసనానికి. పోప్ పట్టం అనే సంస్కారం లేనే లేదు. ఎన్నికైనాయన అప్పటికే బిషప్ అయితే ఒప్పుకున్న క్షణం నుంచే పోప్, కాకపోతే ముందు బిషప్ పట్టం ఇవ్వాలి. ఆఖరిసారి అలా జరిగింది 1831లో, 16వ గ్రెగరీ అప్పటికి గురువు, కార్డినల్, బిషప్ కాదు. ఇప్పటి 14వ లియో బయోడేటా చూసినా నిచ్చెన కనపడదు. 2001 నుంచి 2013 దాకా ప్రపంచంలోని అగస్టీనియన్ సభ మొత్తానికి పెద్ద, ఆ పదవి అయిపోగానే మామూలు ఫాదర్‌గా అమెరికా వెళ్లి సభలో పని చేసుకున్నారు, తర్వాత పెరూలో చిక్లాయో అనే మేత్రాసనానికి బిషప్, 2023లో రోమ్‌కి, అదే ఏడాది కార్డినల్. పైకీ కిందకీ పక్కకీ తిరిగారు.

పోస్టింగ్ వేరు పట్టం వేరు అనేది బాగా కనిపించేది గొడవలొచ్చినప్పుడే. 1988లో ఆర్చ్‌బిషప్ లెఫెవ్ర్ పోప్ వద్దన్నా వినకుండా స్విట్జర్లాండ్‌లో నలుగురికి బిషప్ పట్టం ఇచ్చారు, అందరినీ వెలివేశారు, కానీ ఆ నలుగురూ బిషప్పులు కారు అని రోమ్ అనలేదు, చెల్లింది గానీ చట్టవిరుద్ధం అంది. 2020లో వాటికన్ అధికారి ఆంజెలో బెచ్చూ కార్డినల్ హక్కులు వదులుకోవాల్సి వచ్చింది, 2025 ఎన్నికలో కూర్చోలేదు, బిషప్ పట్టం మాత్రం అలాగే ఉంది. అమెరికాలో థియోడర్ మెకారిక్ లైంగిక నేరాల కేసులో 2018లో కార్డినల్ పదవి వదిలేశాడు, 2019లో గురువర్గం నుంచే తీసేశారు, పూజ చేయకూడదు, ఫాదర్ అని పిలిపించుకోకూడదు. పాపసంకీర్తనం వినే అధికారం కూడా పోతుంది. ఒక్క చోట తప్ప. ఎవరైనా చావుబతుకుల్లో ఉండి పాపసంకీర్తనం చెప్పుకుంటానంటే, అలా తీసేసిన గురువు కూడా వినొచ్చు, పాపవిమోచనం ఇవ్వొచ్చు, పక్కనే అధికారమున్న వేరే ఫాదర్ ఉన్నా సరే అది చెల్లుతుంది.